ఎడమవైపు పిల్లర్

అతన్ని అందరూ సుత్తిమేస్త్రి అంటారు. ఆ పేరు విన్న కొత్తవాళ్లు, మనిషి గంటల తరబడి బుర్ర తినే రకం కాబోలని జంకుతారు. నిజానికి రోజు మొత్తం మీద అతని నోటి నుంచి పది మాటలు రాలితే గొప్ప. ఆ పేరు అతని చేతిలోని సుత్తిది. నలిగిపోయిన కారు డోరు వెనక ఇనుప దిమ్మ ఆనించి, ముందు నుంచి టకటకా కొట్టుకుంటూ పోతే, సాయంత్రానికి ఆ రేకు ఫ్యాక్టరీ నుంచి అప్పుడే దిగినట్టుండేది. ముప్పై ఏళ్లు ఒకే పెద్ద షెడ్డులో చేశాడు. నాలుగేళ్ల కిందట ఉన్నట్టుండి అక్కడ మానేసి, ఇంటి పక్కనే రేకుల కప్పు వేసుకుని సొంతంగా చిన్నా చితకా పనులు మొదలుపెట్టాడు. ఎందుకు మానేశావని భార్య అడిగితే "ఓనరుకీ నాకూ పడలేదు" అన్నాడు. ఆవిడ పోయేదాకా అంతకు మించి ఒక్క ముక్క చెప్పలేదు.

అతనికి ఒక్కగానొక్క కూతురు. అల్లుడు హైస్కూల్లో లెక్కల టీచరు. ప్రతిదానికీ మార్కులు వేసే అలవాటు ఆయనది. వాళ్లింట్లో ఆరుగురు మనుషులు, వాళ్లలో వియ్యంకుడిది చక్రాల కుర్చీ. ఉన్న చిన్న కారులో కుర్చీ పెడితే మనుషులు పట్టరు, మనుషులెక్కితే కుర్చీ పట్టదు. ఇలా కాదని, కాస్త వాడిందైనా సరే ఏడు సీట్ల ఎస్‌యూవీ కొనాలని అల్లుడు మూడు నెలల నుంచి తిరుగుతున్నాడు. చూసిన ప్రతి బండికీ ఒక కాగితం, ఆ కాగితం మీద నూటికి ఇన్ని అని మార్కులు. ఇప్పటికి నాలుగు బండ్లు చూశారు. నాలుగింటినీ మామగారు ఫెయిల్ చేశాడు. ఒకదానికి ఇంజను పొగ, ఒకదానికి వరదనీళ్ల వాసన, మిగతా రెండిటికీ ఏదో ఒకటి. అల్లుడికి లోలోపల కాలుతోంది గానీ మామగారి ముందు బయటపడలేదు.

ఆ ఆదివారం చూడబోయేది అయిదోది.

మందుల షాపు నడుపుకునే ఒకావిడది ఆ బండి. కింద షాపు, పైన ఇల్లు. బండి షాపు పక్క సందులో నీడపట్టున ఉంది. తెల్లగా, కడిగి తుడిచి, పెళ్లికి ముస్తాబైనట్టుంది. ఏడేళ్ల బండి.

"మా అమ్మ కోసం కొన్నానండీ, నాలుగేళ్లయింది," అంది ఆవిడ తాళాలిస్తూ. "అమ్మకి కిందకి ఉండే కార్లలో కూర్చోవాలంటే నడుము పట్టేసేది. ఆవిడ పోయాక ఈ ఏడు సీట్లలో నేనొక్కదాన్నే తిరుగుతున్నా. గీత కూడా పడలేదు, చూసుకోండి."

అల్లుడు కాగితం తీశాడు. ఎక్కడానికి మెట్టు ఎత్తెంత, వెనక సీటువాళ్లకి ఏసీ గాలి తగులుతోందా, మూడో వరస ఎత్తి ఉంచినప్పుడు డిక్కీలో జాగా మిగులుతుందా. వియ్యంకుణ్ణి ఇంట్లో ఉంచి, ఆయన కుర్చీని మాత్రం వెంట తెచ్చారు. మడిచిన కుర్చీని డిక్కీలో నిలబెట్టారు. తలుపు పడలేదు. అడ్డంగా తిప్పి పెడితే పడింది. అల్లుడి ముఖం వెలిగింది.

"పదికి పది," అన్నాడు.

"ఏవండీ, కాస్త నెమ్మదిగా. ఆవిడ వింటే రేటు తగ్గించదు," అని కూతురు మోచేత్తో పొడిచింది.

మేస్త్రి ఇవేమీ వినడం లేదు. గుడ్డలో చుట్టిన అయస్కాంతాన్ని బండి ఒంటి మీద మెల్లగా జరుపుతున్నాడు. పుట్టీ దట్టంగా పూసిన చోట అది పట్టుకోదు, జారిపోతుంది. ఎక్కడా జారలేదు. టైర్ల మీద తేదీలు చూశాడు. ఆయిలు మూత విప్పి వాసన చూశాడు. ఇంజను మోగించి, కళ్లు మూసుకుని విన్నాడు. అన్నీ బాగున్నాయి. చివరికి నాలుగు డోర్లూ ఒక్కొక్కటిగా తెరిచి వేశాడు. కుడివైపు రెండూ ఒకే గొంతుతో పడ్డాయి. ఎడమవైపు వెనక డోరు మాత్రం వేరేగా పలికింది. వినీ వినిపించనంత తేడా. మళ్లీ తెరిచి వేశాడు. ఇంకోసారి.

"ఏంటి మామయ్యగారూ?" అన్నాడు అల్లుడు, గొంతులో జాగ్రత్తతో.

"ఏం లేదు బాబూ. నడిపి చూద్దాం."

అల్లుడు స్టీరింగు దగ్గర, మందుల షాపావిడ పక్క సీట్లో కూర్చున్నారు. వెనక మేస్త్రి నడుమ, కూతురు కుడిపక్క. అయిదేళ్ల మనవరాలు బుజ్జమ్మ కిటికీ కావాలని పేచీ పెట్టి ఎడమపక్క ఎక్కింది. ఊళ్లో నుంచి బయటపడి, వెడల్పాటి రోడ్డెక్కారు. క్లచ్ వెన్నలా ఉందని, లాగుడు బాగుందని అల్లుడు వరసగా మార్కులు వేస్తూనే ఉన్నాడు.

"భద్రతకి అయిదు నక్షత్రాలొచ్చిన మోడల్ ఇది మామయ్యగారూ. పక్క నుంచి గుద్దినా లోపల మనిషికేం కాదు. పరీక్ష చేసిన వీడియో నాలుగుసార్లు చూశాను."

"తాతా, ఇది కదులుతోంది," అంది బుజ్జమ్మ.

ముందు డోరుకీ వెనక డోరుకీ నడుమ, నేల నుంచి కప్పుదాకా నిలబడి ఉండే మధ్య పిల్లర్ అది. పాప వేలు దాని ప్లాస్టిక్ తొడుగు కింద దూరింది. మేస్త్రి వంగి చూశాడు. ఫ్యాక్టరీలో ఆ తొడుగుని లోపలి క్లిప్పులతో నొక్కి బిగిస్తారు. ఇక్కడ కింది మూల ఒక చిన్న మరమేకు ఉంది. మర మీద బూడిద రంగు పూసి ఉంది. ఆ రంగు కలిపిందెవరో, క్లిప్పు విరిగితే మర బిగించి దాని మీద వేలితో రంగు అద్దే అలవాటెవరిదో ప్రపంచంలో ఒక్కడికే తెలుసు. ఆ ఒక్కడు పాప వేలిని తొడుగు కింద నుంచి తీశాడు.

"బాబూ, పక్కకి తీసి ఆపండి ఒకసారి."

దిగి, ఎడమ వెనక డోరు తెరిచి, అంచు వెంబడి ఉన్న రబ్బరు బీడింగుని బొటనవేలితో వలిచాడు. లోపల రేకు మీద వరసగా వెల్డింగ్ చుక్కలు. ఫ్యాక్టరీలో మరమనిషి పెట్టిన చుక్కలు గీత గీసినట్టుంటాయి. ఇవి కూడా అలాగే ఉన్నాయి, పరాయివాడి కంటికి. కానీ రెండు చుక్కల మధ్య దూరం సరిగ్గా అతని రెండు వేళ్ల వెడల్పు. వేళ్లు ఆనించి చూశాడు. సరిపోయాయి. ఇంటి దొంగను ఈశ్వరుడైనా పట్టలేడంటారు. ఆ ఇంటి దొంగే వచ్చి తలుపు తీస్తే ఇంకేం మిగిలింది?

ఎడమవైపు నుంచి ఏదో పెద్ద బండి గుద్దితే నుజ్జయిపోయిన కారది. షెడ్డు ఓనరు దాన్ని తుక్కు రేటుకి కొన్నాడు. పిల్లర్ని మొదలంటా కోసేసి, వేరే కారు నుంచి తెచ్చిన ముక్క పెట్టి అతికింది సుత్తిమేస్త్రి. పక్క నుంచి పేలి తలకి అడ్డంపడాల్సిన ఎయిర్‌బ్యాగ్ అప్పటికే పేలిపోయింది. దాని చోట కొత్తది పెట్టలేదు. డ్యాష్‌బోర్డు మీద ఎయిర్‌బ్యాగ్ దీపానికి అబద్ధం నేర్పడం ఎలక్ట్రీషియనుకి చిటికెలో పని. కోసి అతికిన ఆ ఇనుము మామూలుగా తిరిగినంత కాలం పిల్లరే, దెబ్బ తగిలిన రోజు మాత్రం కాగితం.

"ఏమైనా ఉందా?" అల్లుడు సీట్లోంచే వెనక్కి తిరిగి అడిగాడు. పక్కన మందుల షాపావిడ కూడా తిరిగి చూస్తోంది.

మేస్త్రి రబ్బరు మళ్లీ నొక్కి, "పదండి, వెనక్కి పోదాం," అన్నాడు. "బుజ్జమ్మా, నువ్వు మధ్యకి రా."

"నా కిటికీ!"

"రావే తల్లీ, తాతకి గాలాడటం లేదు."

పాప ఏడుపు లంకించుకుంది. తాత ఏ రోజూ పాప మాట కాదన్నవాడు కాదని కూతురికి తెలుసు. తండ్రి ముఖం చూసి ఏదో అడగబోయి ఊరుకుంది. మేస్త్రి ఎడమపక్కన కూర్చుని, పిల్లర్‌కీ పాపకీ నడుమ తన భుజం పెట్టాడు.

వచ్చేటప్పుడు పది నిమిషాలు పట్టిన దారి, తిరుగు ప్రయాణంలో ఎంతకీ తెగలేదు. "కాస్త నిదానంగా బాబూ," అని రెండుసార్లన్నాడు. "అరవైలోనే ఉన్నాను కదా," అన్నాడు అల్లుడు. ఊరి మొదట్లో నాలుగు దార్లు కలిసే చోట, ఎడమ సందులోంచి ఇటుకల లారీ ఒకటి హారనైనా కొట్టకుండా ముందుకు దూకింది. అల్లుడు బ్రేకు తొక్కాడు. టైర్లు కీచుమన్నాయి. లారీ ముందుభాగం, మేస్త్రి కిటికీ అద్దం నిండా పరుచుకుంది. పాపని రెండు చేతుల్తో పొదివి పట్టుకుని కళ్లు మూసేశాడు. జానెడు దూరంలో లారీ ఆగింది. డ్రైవరు చెయ్యెత్తి తప్పు నాదేనన్నట్టు ఊపి, వెనక్కి తీశాడు.

"చూశారా బ్రేకులు!" అన్నాడు అల్లుడు, ఊపిరి పీల్చుకుని. "పదికి పది."

మేస్త్రి చేతులు పాపని ఇంకా వదల్లేదు. బుజ్జమ్మ ఏడుపు మాని, ఆ చేతుల్ని వింతగా చూసింది.

పై ఇంట్లో చిన్న బల్ల. మీద బండి కాగితాలు, ఒక పెన్ను. అందరికీ టీ ఇచ్చి, పక్క గదిలో ఎవరితోనో ఫోన్ మాట్లాడుతోంది ఆవిడ. అల్లుడు మార్కులు కూడుతున్నాడు.

"తొంభై రెండు. ఇన్నాళ్లలో ఇదే ఎక్కువ. అడ్వాన్సు ఇచ్చేద్దాం."

"వద్దు బాబూ," అన్నాడు మేస్త్రి.

పెన్ను ఆగింది. "ఎందుకు?"

"వద్దు."

"మామయ్యగారూ, నాలుగు వద్దన్నారు, సరేనన్నాను. దీనికేం వంక? అయస్కాంతం పెట్టారు, వాసన చూశారు, డోర్లు మూడేసిసార్లు వేశారు. పెళ్లిచూపుల్లో కూడా నన్నింత పరీక్ష చెయ్యలేదు మీరు. కారణం చెప్పండి. మా నాన్నని ఇంకెన్నాళ్లు భుజాన మోసి ఆటోల్లో కుక్కమంటారు?"

"ఏవండీ," అని కూతురు వారించబోయింది.

"లేదు, ఇవాళ చెప్పాల్సిందే."

ఇంజను బాగాలేదంటే సరిపోతుంది. ఆ మాట మేస్త్రి నాలుక చివరిదాకా వచ్చింది కూడా. అల్లుడు గొణుక్కుంటూనైనా లేస్తాడు, అందరూ ఇంటికి పోతారు. ఆవిడ వచ్చే ఆదివారం ఈ బండిని ఇంకెవరికో చూపిస్తుంది. ఆ వచ్చేవాళ్లకీ కిటికీ కావాలనే పిల్ల ఒకతె ఉంటుంది.

ఫోన్ పెట్టేసి ఆవిడ గుమ్మంలోకి వచ్చింది. మేస్త్రి లేచి నిలబడ్డాడు.

"అమ్మా, మీ బండి ఎడమవైపు పిల్లర్ కోసి అతికింది. పక్క ఎయిర్‌బ్యాగ్ లేదు. అటు నుంచి దెబ్బ తగిలితే ఆ సీట్లో మనిషి బతకడు."

"ఎవరు చెప్పారు మీకు?" ఆవిడ గొంతు లేచింది. "రేటు తగ్గించాలంటే సూటిగా అడగండి. ఇలాంటి కథలొద్దు. సర్వీసు సెంటరులో ఎన్నిసార్లు చూపించానో తెలుసా? ఒక్కళ్లూ ఒక్క మాట అనలేదు."

"వాళ్లకి కనపడదమ్మా. కనపడకుండా చేసింది నేనే."

కింద షాపు షట్టరు దగ్గర ఎవరో పిలిచారు. ఆవిడ పలకలేదు.

మేస్త్రి చెప్పాడు. ముప్పై ఏళ్లలో మాట్లాడనిదంతా ఆ పది నిమిషాల్లో మాట్లాడాడు. ఓనరు నీ చెయ్యే చెయ్యి అని పొగిడితే పొంగిపోయానన్నాడు. మొదటి బండి అతికినప్పుడు ఫ్యాక్టరీవాడు కూడా కనిపెట్టలేడని గర్వపడ్డానన్నాడు. తన చేతుల మీదుగా పోయిన బండి ఒకటి నలిగి తిరిగి అదే షెడ్డుకి వచ్చిందని, తను అతికిన చోటే అరటిదొన్నెలా విచ్చుకుని ఉందని, ఆ సీట్లో ఆ రోజు ఎవరూ లేరు గనక సరిపోయిందని చెప్పాడు. "ఆ మర్నాడే మానేశాను. మానేశాను గానీ నోరు విప్పలేదు. భయమేసింది."

ఆవిడ కుర్చీ పట్టుకుని కూర్చుంది. "మూడేళ్లు మా అమ్మని ఆ ఎడమ సీట్లోనే కూర్చోబెట్టాను," అంది నెమ్మదిగా. "దిగడానికి వీలని." తరవాత తలెత్తి, "ఇంకా ఎన్ని?" అంది.

"పన్నెండు చేశాను. ఒకటి తిరిగొచ్చింది. ఇది రెండోది. పది రోడ్డు మీదున్నాయి."

ఆవిడ సొరుగు లాగి తెల్లకాగితం బల్ల మీద పెట్టింది. "రాసివ్వండి. ఇప్పుడు చెప్పిందంతా. నాకు అమ్మినవాడి మీద ఫిర్యాదు చేస్తాను. మీ మీద కూడా."

"నాకు రాత సరిగా రాదమ్మా. ఎవరైనా రాస్తే సంతకం పెడతా."

గదిలో బాగా రాసేవాడు ఒక్కడే ఉన్నాడు. అల్లుడు మామగారి వైపు చూశాడు, భార్య వైపు చూశాడు. ఆమె కొంగుతో కళ్లొత్తుకుంటోంది గానీ వద్దని అనలేదు. మార్కుల కాగితం పక్కకి జరిపి, అల్లుడు పెన్ను తీసుకున్నాడు.

"చెప్పండి," అన్నాడు, ఎటో చూస్తూ.

మేస్త్రి చెప్పాడు, అల్లుడు రాశాడు. పది బండ్ల దగ్గరికొచ్చేసరికి, గుర్తున్నంతవరకూ ఒక్కోదాని రంగూ, మోడలూ, ఏ పక్క అతికిందీ చెప్పాడు. చేసిన పని చేతికి గుర్తుంటుంది. నెంబర్లు మాత్రం ఒక్కటీ గుర్తులేవు. చివర సంతకం పెట్టి, టీ తాగకుండానే మెట్లు దిగాడు.

ఆవిడ ఫిర్యాదు మీద రవాణా ఆఫీసువాళ్లు బండి తీసుకుపోయి, పిల్లర్ తొడుగు విప్పి, అతుకు చూసి, మేస్త్రిని పిలిపించి మళ్లీ అన్నీ చెప్పించుకున్నారు. వారం తిరక్కుండా పాత ఓనరు మేస్త్రి షెడ్డు ముందు దిగాడు.

"ముప్పై ఏళ్లు తిండి పెట్టిన చెయ్యి కరిచావు కదరా! నన్ను ముంచి నువ్వు తేలుదామనుకున్నావా? నీ చేతి పని కాదా అది?"

"నా చేతి పనే. అదే రాసిచ్చాను."

"ఈ వీధిలో నీకు ఒక్క డోరు పని కూడా రాకుండా చేస్తాను."

చేశాడు కూడా. చేసుకున్నవాడికి చేసుకున్నంత అని వీధిలో కొందరన్నారు. రెండు నెలలపాటు మేస్త్రి షెడ్డు తాళం తియ్యాల్సిన పని పడలేదు. కేసులో ఓనరు షెడ్డుకి సీలు పడింది. మేస్త్రికి జరిమానా పడింది. కార్ల బాడీ పని రెండేళ్లు చెయ్యకూడదన్నారు. ఇప్పుడు ఇనప గేట్లు, కిటికీ ఊచలు చేస్తున్నాడు.

రవాణా ఆఫీసువాళ్లు పాత ఓనరు అమ్మకం కాగితాలు తిరగేసి, పదింటిలో ఆరు బండ్లు దొరకబుచ్చుకున్నారు. ప్రతిదాని దగ్గరికీ మేస్త్రి వెళ్లాల్సి వచ్చింది, రబ్బరు వలిచి ఇదే అని చూపించడానికి. ఒకింట్లో కాళ్లు కడుక్కోమని నీళ్లిచ్చారు, విషయం విన్నాక వాకిట్లోకి గెంటారు. ఇంకోచోట, ముగ్గురు చంటిపిల్లల తండ్రి అతని చెంప ఛెళ్లుమనిపించాడు. మేస్త్రి చెంప తడుముకుని, "బండి మాత్రం ఇక రోడ్డెక్కించకండి బాబూ," అని వచ్చేశాడు.

అల్లుడు రెండు నెలలు మామగారి గడప తొక్కలేదు. కూతురు మాత్రం బుజ్జమ్మని తీసుకుని వచ్చి వెళ్తూ ఉండేది. మూడో నెలలో ఒక సాయంత్రం తనొక్కడే వచ్చి, గేటుకి రంగు వేస్తున్న మామగారి పక్కన ముక్కాలిపీట లాక్కుని కూర్చున్నాడు.

"ఆ రోజు ఇంజను బాగాలేదనేస్తే పోయేది కదా మామయ్యగారూ. ఇంత రచ్చ ఉండేది కాదు."

"అనబోయాను బాబూ. మీరు బతికిపోయేవాళ్లు. ఆ తరవాత కొనేవాళ్ల మాటేంటి?"

"నేనైతే ఇంజనే అనేవాణ్ణి," అన్నాడు అల్లుడు. లేవబోతూ, "రేపు ఒక బండి చూడాలి. ముదురు ఎరుపు. డిక్కీలో కుర్చీ నిలువునా పడుతోంది. వస్తారా?"

దానికి అల్లుడు మార్కులు వెయ్యలేదు. మేస్త్రి రబ్బర్లన్నీ వలిచి చూసి, తల ఊపాక, కొనేశారు.

మిగిలిన నాలుగు బండ్ల జాడ ఇంకా తెలియలేదు. వాటి రంగూ, మోడలూ రాసిన కాగితం నకలు ఒకటి మందుల షాపావిడ తన కౌంటరు లోపలివైపు అంటించుకుంది. ఆవిడ మేస్త్రిని క్షమించిందని చెప్పలేం. ఎప్పుడూ ఆ మాట అనలేదు. కానీ ఫోన్ మాత్రం ఆవిడే చేస్తుంది. పోయిన వారం కూడా చేసింది.

"మేస్త్రిగారూ, నీలం రంగు, కుడివైపు అని కదా రాయించారు? అలాంటిది మా షాపు ముందు ఆగింది. ఆయన మందుల చీటీ ఇచ్చాడు. మెల్లగా తీస్తున్నాను. త్వరగా రండి."

వెల్డింగ్ కళ్లద్దాలు నుదుటి మీదే ఉంచుకుని, సైకిలు తొక్కుకుంటూ వెళ్లాడు. ఆ పెద్దమనిషికి నచ్చజెప్పేసరికి తలప్రాణం తోకకొచ్చింది. డోరు తెరిపించి రబ్బరు వలిచాడు. చుక్కల మీద రెండు వేళ్లు ఆనించాడు. సరిపోలేదు. మళ్లీ ఆనించాడు. ఫ్యాక్టరీ చుక్కలే.

"ఇది కాదమ్మా," అన్నాడు.

ఆవిడ తల ఊపి, బండాయన మందుల పొట్లం ఆయన చేతిలో పెట్టి, లోపలికెళ్లి మేస్త్రికి గ్లాసుడు మంచినీళ్లు తెచ్చింది.